ఆర్కిటిక్ మనుషులపై పరిశోధన: అనుమతి అడగాల్సిన రోజు ఎలా వచ్చింది

ఉత్తర కెనడాలోని నునావుట్‌లో ఎవరైనా సామాజిక పరిశోధన చేయాలంటే ముందు లైసెన్సు తీసుకోవాలి. ఎంత పేరున్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చినా ఇదే నియమం. ఏం అడగబోతున్నారు, ఎవరిని అడగబోతున్నారు, దానివల్ల ఊరికి ఒరిగేదేమిటి అన్నది సామాన్యులకు అర్థమయ్యేలా రాయాలి. ఆ సారాంశాన్ని అక్కడి మూలవాసులైన ఇన్యూట్ల భాష ఇనుక్టిటుట్‌లోనూ ఇవ్వాలి. దాన్ని స్థానిక సంస్థలు పరిశీలిస్తాయి. నెలలు పట్టే ఈ తతంగం చూసి పరిశోధక విద్యార్థులు విసుక్కోవడం సహజమే. అయితే దీని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో చాలా భాగం పరిశోధకులకు గౌరవం తెచ్చేది కాదు.

1883లో ఫ్రాంజ్ బోయస్ అనే జర్మన్ యువకుడు కెనడాలోని బాఫిన్ దీవికి ఓడ ఎక్కాడు. అనేక దేశాలు కలిసి ధ్రువ ప్రాంతాలను అధ్యయనం చేసే అంతర్జాతీయ ధ్రువ సంవత్సరాల్లో మొదటిదాని (1882–83) కోసం జర్మనీ అక్కడ ఒక పరిశోధన కేంద్రం నడిపింది. దాని సిబ్బందిని వెనక్కి తేవడానికి వెళుతున్న ఓడ అది. వాతావరణాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచినవాళ్లు ఇంటిముఖం పట్టిన చోటే మనుషులను తెలుసుకోవాలని వచ్చినవాడు దిగాడు. బోయస్ ఇన్యూట్ల మధ్య సుమారు ఏడాది గడిపాడు, వారితో స్లెడ్జిల మీద తిరుగుతూ పటాలు గీశాడు, 1888లో వారి జీవనంపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. తరవాతి కాలంలో అమెరికా మానవశాస్త్రానికి ఆద్యుడిగా పేరుపొందాడు.

అదే బోయస్ పేరు ఇంకో కథలోనూ వినిపిస్తుంది. 1897లో అన్వేషకుడు రాబర్ట్ పియరీ వాయవ్య గ్రీన్‌లాండ్ నుంచి ఆరుగురిని న్యూయార్క్‌కు తెచ్చి అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి అప్పగించాడు. అధ్యయనం కోసం ఒక్కరినైనా తెమ్మని అడిగింది అక్కడ పనిచేస్తున్న బోయసే. కొద్ది నెలల్లోనే నలుగురు చనిపోయారు. వారిలో కిసుక్ ఒకరు. ఆయన కొడుకు మినిక్‌కు అప్పటికి ఏడేళ్లు ఉంటాయేమో. తండ్రికి అంత్యక్రియలు జరిగినట్టు పిల్లవాడిని నమ్మించడానికి మ్యూజియం వాళ్లు ఒక దుంగను కప్పిపెట్టి పూడ్చారు, అస్థిపంజరాన్ని తమ సేకరణలో ఉంచుకున్నారు. పెద్దవాడయ్యాక నిజం తెలిసిన మినిక్ తండ్రి ఎముకలు ఇమ్మని అడిగాడు, ఇవ్వలేదు. ఆయన 1918లో కన్నుమూశాడు. ఆ నలుగురి అస్థికలు గ్రీన్‌లాండ్‌లోని కానాక్ చేరి ఖననమయ్యేసరికి 1993 వచ్చింది.

ఒక దుర్మార్గుడి కథగా దీన్ని చెప్పుకుంటే తేలికే. కానీ జాతుల మధ్య హెచ్చుతగ్గులున్నాయన్న సిద్ధాంతాన్ని జీవితమంతా ఎదిరించినవాడు బోయస్. పత్రికలవాళ్లు అడిగితే ఆ దొంగ అంత్యక్రియల్లో తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదన్నాడు. అంతటివాడికే అలా అనిపిస్తే మిగతావారి సంగతి చెప్పనక్కర్లేదు. స్వీడన్ 1922లో ఉప్సలాలో జాతి జీవశాస్త్ర సంస్థను పెట్టింది, దేశపు ఉత్తరాన ఉండే మూలవాసులైన సామీ ప్రజల తలలు కొలిపించింది. డెన్మార్క్ 1951లో 22 మంది గ్రీన్‌లాండ్ పిల్లలను ప్రయోగంగా తమ దేశానికి తరలించింది, 2020లో క్షమాపణ చెప్పింది.

అసలు మలుపు అలాస్కా ఉత్తర తీరంలోని బారో పట్టణంలో వచ్చింది. దాన్ని ఇప్పుడు ఉట్కియాగ్విక్ అంటున్నారు. అక్కడి మూలవాసులైన ఇన్యుపియాట్ల జీవితమంతా బోహెడ్ తిమింగలం వేట చుట్టూ తిరుగుతుంది. 1977లో అంతర్జాతీయ తిమింగల కమిషన్ ఆ వేటను పూర్తిగా ఆపేయమంది. తిమింగలాలు మరీ తక్కువ మిగిలాయన్న శాస్త్రవేత్తల లెక్కే అందుకు ఆధారం. ఆ లెక్క తప్పని వేటగాళ్లు వాదించారు. మంచు అంచున నిలబడి కంటికి కనిపించినవాటినే లెక్కించారని, చాలా తిమింగలాలు మంచు కిందనుంచి, తీరానికి దూరంగా ఈదుకుంటూ వెళతాయని చెప్పారు. హ్యారీ బ్రోవర్ అనే అనుభవజ్ఞుడైన వేట నాయకుడు ఈ విషయాన్ని జీవశాస్త్రవేత్తలకు ఓపికగా వివరించాడు.

ఆ మాటను పరీక్షించడానికి ఊరి దగ్గర డబ్బుంది. ఆ ప్రాంతంలో చమురు దొరికాక ఏర్పడిన నార్త్ స్లోప్ స్థానిక ప్రభుత్వం పన్నుల ఆదాయంతో సొంతంగా శాస్త్రవేత్తలను పెట్టుకుంది. నీటి అడుగున శబ్దాలు పట్టే మైకులు దించితే వేటగాళ్లు చెప్పిందే నిజమని తేలింది. లెక్క పెరిగింది, వేటగాళ్ల కోటా కూడా పెరిగింది. స్థానిక జ్ఞానాన్ని గౌరవించాలని సదస్సుల్లో చెప్పేవారు ఈ ఉదాహరణను తరచూ వాడతారు. చమురు పన్ను సంగతి మాత్రం చాలామంది దాటేస్తారు. ఆ డబ్బే లేకపోతే వేటగాళ్ల మాటను మంచులో ఎవరు పరీక్షించేవారు?

వేట ఆపమన్న రెండేళ్లకు, 1979లో అదే ఊళ్లో మద్యపానంపై అధ్యయనం జరిగింది. సమస్య నిజంగానే ఉంది, అధ్యయనాన్ని కోరింది కూడా స్థానిక యంత్రాంగమే. కానీ ఫలితాలను ఊరివాళ్లతో కూర్చుని చర్చించకుండా ఎక్కడో ఫిలడెల్ఫియాలో పత్రికలకు విడుదల చేశారు. దేశమంతటా పత్రికలు ఆ ఊరిని తాగుబోతుల ఊరిగా చిత్రించాయి. జనం అవమానంతో కుమిలిపోయారు. ఊరి రుణ పరపతి సైతం దెబ్బతిన్నదని తరవాతి సమీక్షలు నమోదు చేశాయి. పరిశోధన నీతి పాఠాల్లో ఈ ఉదంతం నేటికీ చెబుతారు. ఆర్కిటిక్‌లో పరిశోధన ఎలా చేయాలో తెలిపే సూత్రాలను అమెరికా ప్రభుత్వ శాఖలు 1990లో ఆమోదించాయి. అందులో సమ్మతి, ఫలితాలను ముందుగా స్థానికులకు తెలియజేయడం లాంటి మాటలు ఊరికే చేరలేదు.

ఇదే కాలంలో కెనడా ఇన్యూట్లు పరిశోధనను తమ చేతిలోకి తీసుకున్నారు. ఎవరు ఎక్కడ వేటాడారో, ఏ దారుల్లో తిరిగారో వేటగాళ్లే పటాల మీద గుర్తించిన భారీ అధ్యయనం 1976లో వెలువడింది. భూమి హక్కుల చర్చల్లో అది సాక్ష్యమైంది. 1999 ఏప్రిల్ 1న నునావుట్ ఏర్పడింది. లైసెన్సు అడిగే అధికారం అలా వాళ్ల చేతికి వచ్చింది.

సామాజిక శాస్త్రవేత్తలకు సొంత వేదిక మాత్రం ప్రచ్ఛన్న యుద్ధం సడలే దాకా దొరకలేదు. 1987 అక్టోబరులో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ ఆర్కిటిక్ నగరమైన మర్మాన్‌స్క్‌లో చేసిన ప్రసంగం తలుపులు తీసింది. మరుసటి ఏడాది లెనిన్‌గ్రాడ్ సదస్సులో పుట్టిన ఆలోచన 1990లో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో అంతర్జాతీయ ఆర్కిటిక్ సామాజిక శాస్త్రాల సంఘంగా రూపుదిద్దుకుంది. దాని మొదటి మహాసభ 1992లో క్యుబెక్‌లో జరిగింది. ప్రధానంగా ప్రకృతి శాస్త్రాలతో మొదలైన అంతర్జాతీయ ఆర్కిటిక్ సైన్స్ కమిటీ కూడా 1990లోనే, కెనడాలోని రెజొల్యూట్‌లో పుట్టింది. 1953లో కెనడా ప్రభుత్వం ఇన్యూట్ కుటుంబాలను సుదూర దక్షిణాన ఉన్న సొంత ఊరి నుంచి తరలించి దించిన చోటు అదే. 2007–08 ధ్రువ సంవత్సరం ప్రణాళిక మొదట వేసినప్పుడు మనుషులకంటూ ప్రత్యేక అంశం లేదు. పట్టుబట్టి చేర్పించాల్సి వచ్చింది.

ఈ చరిత్రలో భారత్ స్థానం విచిత్రమైనది. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల గురించిన ఒప్పందంలో మన దేశం 1920 నుంచీ ఉంది, అప్పుడు బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగంగా. ఆర్కిటిక్‌కు మొదటి భారతీయ యాత్ర 2007లో వెళ్లింది. 2008 జులై 1న స్వాల్‌బార్డ్‌లోని న్యూ-ఆలెసుండ్‌లో హిమాద్రి పరిశోధన కేంద్రం మొదలైంది. 2014లో దగ్గరి అఖాతంలో దించిన ఇండ్‌ఆర్క్ పరికరాల తయారీలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌కూ భాగముంది. హిమనదాలు, వాతావరణం, సముద్రం, రుతుపవనాలతో వాటి సంబంధం, ఇవీ మన అధ్యయనాలు. స్వాల్‌బార్డ్‌లో మూలవాసులంటూ ఎవరూ లేరు. పాత బొగ్గు గని ఊళ్లో ప్రయోగశాల పెట్టిన దేశానికి ఎవరి వాకిట్లోనూ నిలబడి అనుమతి అడగాల్సిన అవసరం రాలేదు. 2013లో ఆర్కిటిక్ దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ కౌన్సిల్‌లో భారత్‌కు పరిశీలక హోదా వచ్చింది. 2022 మార్చిలో ప్రకటించిన ఆర్కిటిక్ విధానంలోని ఆరు స్తంభాల్లో ఆర్థిక, మానవ అభివృద్ధి ఒకటి. ఆ స్తంభం మీద కట్టిన పరిశోధన ఏదంటే చూపించడం కష్టం.

అదే నెలలో ఉక్రెయిన్ యుద్ధం కారణంగా ఏడు ఆర్కిటిక్ దేశాలు రష్యాతో కలిసి కౌన్సిల్ పని చేయడం ఆపేశాయి. ఆర్కిటిక్‌లో ఉండే సుమారు 40 లక్షల జనాభాలో దాదాపు సగం రష్యాలోనే ఉంది. ముప్పై ఏళ్లలో సైబీరియా ఊళ్లలో కూడగట్టుకున్న పరిచయాలు ఒక్కసారిగా అందకుండా పోయాయి. మాస్కోతో సంబంధాలు తెంచుకోని భారత్‌కు ఇది అవకాశమని అనేవారున్నారు. నాకు అంత ఆశ లేదు. అక్కడి మూలవాసుల సంఘాన్నే రష్యా న్యాయశాఖ 2012లో కొన్ని నెలలు సస్పెండ్ చేసింది. అలాంటి చోట సమ్మతి ఎవరి దగ్గర తీసుకున్నట్టు?

తెలుగు విద్యార్థుల్లో ఈ రంగం వైపు చూసేవారికి దారులు లేకపోలేదు. ఫిన్లాండ్‌లోని రొవానియెమి, నార్వేలోని ట్రోమ్సో విశ్వవిద్యాలయాలు ఈ చదువుకు పాత చిరునామాలు. నార్వే 2023 నుంచి ఐరోపా బయటి విద్యార్థుల దగ్గర రుసుము వసూలు చేస్తోంది కాబట్టి ఎంఏ భారమే. పీహెచ్‌డీ అక్కడ జీతమిచ్చే ఉద్యోగం, పోటీ మాత్రం గట్టిది. అంతర్జాతీయ ఆర్కిటిక్ సైన్స్ కమిటీ యువ పరిశోధకులకిచ్చే ఫెలోషిప్‌లలో సామాజిక విభాగానికీ చోటుంది.

ఐదో ధ్రువ సంవత్సరాన్ని 2032–33లో జరపాలని నిర్ణయించారు. పరిశోధన నిధుల పంపిణీలోనూ, ప్రశ్నలు ఎంచుకోవడంలోనూ తమ మాట చెల్లాలని కెనడా ఇన్యూట్ల జాతీయ సంస్థ 2018లోనే రాతపూర్వకంగా కోరింది. ఆ ధ్రువ సంవత్సరంలో ఏదైనా ఊళ్లో పనిచేయాలనుకునే భారతీయ బృందం అక్కడివాళ్లతో మాటలు మొదలుపెట్టాల్సింది నిధుల దరఖాస్తు రాయకముందే.