ఇంటికి దొంగల భయం: అపోహలు - వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా కడపలో తలుపులు, తాళాలు బిగించే పని చేస్తున్నాను. దొంగలు పడ్డాక పిలిచే ఇళ్లే ఎక్కువ. ముందే పిలిచి ఉంటే బాగుండేదని ప్రతిసారీ బాధేస్తుంది.

అపోహ: లావు తాళం వేస్తే చాలు.

పోయిన ఎండాకాలం ఒక ఇంట్లోవాళ్లంతా ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి పోయి తెల్లవారుజామున తిరిగొచ్చారు. నేను వెళ్లేసరికి తాళం కప్ప మీద గీత కూడా లేదు, వేసింది వేసినట్టే గొళ్లేనికి వేలాడుతోంది. గొళ్లెమే చెక్కలోంచి ఊడొచ్చింది. కింద పడిన స్క్రూలు ఏరి చూస్తే ఒక్కోటీ ముప్పావు అంగుళం. "ఏడు లీవర్ల తాళం వేసినాం కదన్నా" అంటూ ఆ ఇంటాయన అరుగు మీద కూలబడిపోయాడు.

దొంగ తాళం జోలికి పోడు. గడ్డపార మొన దూరే సందు చూస్తాడు. అందుకే గొళ్లేనికి స్క్రూలు కాదు, చెక్క ఆరపార దాటే బోల్టు వేసి లోపలివైపు నట్టు బిగించాలి. పాత మిద్దె ఇళ్లలో వెనక తలుపు కింది అంచును గోరుతో గుచ్చి చూడండి. గోరు దిగిందంటే చెద పట్టినట్టే, ఇక ఏ తాళమూ ఆపలేదు.

అపోహ: సీసీ కెమెరా ఉంటే రాడు.

మొహానికి గుడ్డ కట్టుకుని వస్తాడు. మొదట తలుపు గట్టి చేసుకోండి, తర్వాతే కెమెరా. ఊరెళ్తుంటే ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) గురించి మీ స్టేషన్‌లో అడగండి. తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, ఎవరైనా అడుగుపెడితే కంట్రోల్ రూమ్‌కు తెలుస్తుంది.

అపోహ: మనుషులున్న ఇంటికి రారు.

ఎండాకాలం మనం మిద్దె మీద పడుకుంటాం, కింద తలుపు దగ్గరికి వేసి వదిలేస్తాం. అది తెలియని దొంగ ఉండడు.

అపోహ: దొంగను కొడితే మన మీదే కేసు. లేదా, ఎంత కొట్టినా ఏమీ కాదు.

రెండూ తప్పే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడుకునే హక్కు మనకుంది. పొద్దుగుంకాక ఇల్లు పగలగొట్టి చొరబడితే ఆ హక్కు ఇంకా పెద్దది. కానీ అవసరానికి మించి గాయపరచకూడదు. దొరికినవాణ్ని స్తంభానికి కట్టేసి కొట్టడం ఆత్మరక్షణ కాదు.

అపోహ: మంచం పక్కన కట్టె పెట్టుకుంటే ధైర్యం.

చీకట్లో వాళ్లెందరో, చేతిలో ఏముందో మీకు తెలియదు. బంగారం పోతే మళ్లీ చేయించుకోవచ్చు. చప్పుడు వినగానే ఎదురెళ్లకుండా అందరూ ఒకే గదిలో చేరి గడియ పెట్టుకోండి. లైట్లు వేసి, గట్టిగా అరిచి, 112కు ఫోన్ చేయండి. నడవలేని పెద్దవాళ్లుంటే వాళ్ల గదినే ఆ గదిగా ఎంచుకోండి. ఫోన్ రాత్రిళ్లు అక్కడే చార్జింగ్‌లో ఉండాలి.

ఇది ఒకసారి చేసి చూసుకోవాలి. మా ఇంట్లో రాత్రి లైట్లన్నీ ఆర్పి అందరం మా అవ్వ గదిలోకి చేరాం. గడియ పెట్టమంటే మా చిన్నమ్మాయి మునివేళ్ల మీద నిలబడినా అందలేదు. అవ్వ లాగితే బిగుసుకుపోయింది. తెల్లారగానే ఆ గడియ విప్పి, నూనె వేసి, రెండు జానలు కిందికి దించి బిగించాను.