జపనీస్‌లో ‘ఇలాంటి, అలాంటి, ఎలాంటి’: అపోహలు - వాస్తవాలు

జపనీస్ మొదలుపెట్టిన తెలుగువాళ్లకు కొ-సొ-అ-దొ పట్టిక తొందరగానే చుట్టమైపోతుంది. మనకు ఇ, అ, ఎ ఉన్నట్టే వాళ్లకు కొ, సొ, అ, దొ. భాషావేత్త సకుమా కనాఎ 1930లలో ఈ నాలుగింటినీ ఒక వ్యవస్థగా చూపించారు. వస్తువు ఏ రకందో చెప్పే మాటల్లో ఈ చుట్టరికం ఇంకా దగ్గర: ‘కొన్న’ అంటే ఇలాంటి, ‘దొన్న’ అంటే ఎలాంటి. తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ. మన ‘అలాంటి’ ఒక్కటే. వాళ్లకు ‘సొన్న’, ‘అన్న’ అని రెండు. పైగా ప్రతిదానికీ మాటల్లో ఒక రూపం, రాతలో ఇంకో రూపం.

అపోహ: ‘కొనొ’ (ఈ) అన్నా ‘కొన్న’ (ఇలాంటి) అన్నా ఒకటే.

దుకాణంలో ఒక బ్యాగు చూపించి ‘కొనొ కబన్ ఒ కుదసాయి’ అంటే ఆ బ్యాగే తీసి చేతికిస్తారు. ‘కొన్న కబన్’ అంటే ఇదే కాదు, దీని పోలికది. ఫోన్‌లో ఫొటో చూపించి అడిగేటప్పుడు కావాల్సింది రెండోదే. కొత్తవాళ్లతో అయితే ‘కోయూ కబన్ వ అరిమసు క’ (ఇలాంటి బ్యాగు ఉందా?) అనడం నయం. ‘కోయూ’ అన్నా ‘ఇలాంటి’ అనే. కారణం కింద ఉంది.

‘కొన్న’ చివరి ‘న’ చూసి కొందరు ‘కొన్న న కబన్’ అంటారు, ఇంకొందరు ‘కొన్న నొ కబన్’ అంటారు. రెండూ తప్పే. ‘న’ ఆ మాటలోనే ఉంది, నేరుగా నామవాచకం రావాలి. వస్తువు పేరు వదిలేస్తే మాత్రం ‘కొన్న నొ’ అవుతుంది, అంటే ‘ఇలాంటిది’. వాక్యం చివర ‘కొన్న దెసు’ అని ఆపకండి. ‘కొన్న కన్‌జి దెసు’ అంటే ‘ఇదిగో, ఇలా ఉంటుంది’ అని సరిపోతుంది.

అపోహ: ‘సొన్న’ కొంచెం దూరానికి, ‘అన్న’ బాగా దూరానికి.

కంటి ముందున్న వస్తువుల విషయంలో దూరం కొంతవరకు పనిచేస్తుంది. అక్కడ కూడా ‘సొ’ అంటే మధ్య దూరం అనుకోవడం కంటే ‘ఎదుటివాళ్ల దగ్గరిది’ అనుకోవడం మంచిది. వాళ్ల చేతిలో ఉన్నది సొ, ఇద్దరికీ దూరంగా ఉన్నది అ.

కబుర్లలోకి వచ్చేసరికి దూరం లెక్కే మారిపోతుంది. అక్కడ అడగాల్సిన ప్రశ్న: ఈ సంగతి ఇద్దరికీ తెలుసా, ఒక్కరికేనా? సహోద్యోగి తన పాత కంపెనీ గురించి చెబుతున్నాడనుకోండి: రాత్రి 11 దాకా పని, ఆదివారాలూ సెలవు లేదు. మీరు ఆ కంపెనీ మొహం చూడలేదు. అప్పుడు జవాబు ‘సొన్న కైష, యమెతె యొకత్త దెసు నె’. అలాంటి కంపెనీ మానేసి మంచి పని చేశారు అని. అదే మీరూ అక్కడ పనిచేసి బయటపడ్డవారైతే ‘అన్న కైష’ అనాలి. తెలియకుండా ‘అన్న’ అంటే వినేవాళ్లకు ‘మనిద్దరం ఎరిగిన ఆ కంపెనీ’ అని తోస్తుంది. మీకెలా తెలుసని వాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు. తెలుగులో రెండు చోట్లా ‘అలాంటి కంపెనీ’ అనే అంటాం కాబట్టి మన చెవికి ఈ తేడా దొరకదు. (తమిళానికి మనలాగే ఇ, అ ఉన్నా, శ్రీలంకలోని జాఫ్నా తమిళంలో వాటి మధ్య ‘ఉ’ వరుస ఇంకా వాడుకలో ఉంది. ఆ యాస తెలిసినవాళ్లు ‘సొ’ను కాస్త సులువుగా పట్టుకోవచ్చు.)

గుర్తు పెట్టుకోవాల్సినవి ఇంకో మూడు:

- తనలో తాను పాత రోజులు తలుచుకునేటప్పుడు ‘అ’ వరుసే వస్తుంది: ‘అన్న కొతొ మొ అత్త నా’, అంటే ‘అలాంటివీ జరిగాయి కదా’.
- వ్యాసాల్లో, రిపోర్టుల్లో ‘అ’ వరుస దాదాపు రాదు. చదివేవాళ్లకూ రాసేవాళ్లకూ ఉమ్మడి జ్ఞాపకం ఉండదు. పైన చెప్పిన విషయాన్ని సొ, కొ వరుసలతోనే అందుకోవాలి.
- చెప్పబోయేదానికి ‘కొ’ వాడతారు: ‘కొన్న హనషి గ అరిమసు’ (ఇలాంటి కథ ఒకటుంది) అని ఎత్తుకుంటారు. ఎదుటివాళ్లు చెప్పి ముగించినదాన్ని మాత్రం మీరు ‘కొన్న హనషి’ అనకండి, అది ‘సొ’ వరుస సొత్తు.

అపోహ: ‘ఇలాంటి’ అనే కొన్న, కోయూ, కొనొయోన మూడూ ఒకటే, మర్యాదలోనే తేడా.

మర్యాద ఒక తేడా మాత్రమే. అంతకంటే పెద్దది మనసులోని భావం. ‘కొన్న’ వరుస దాన్ని బయటపెట్టేస్తుంది. పక్కన మెచ్చుకోలు మాట ఉంటే ఆశ్చర్యం పలుకుతుంది: ‘కొన్న ఒయిషీ మొనొ, హజిమెతె దెసు’, అంటే ‘ఇంత రుచైనది తినడం ఇదే మొదలు’. ఆ మాట లేకుండా ‘మొనొ’ (వస్తువు), ‘కొతొ’ (విషయం), ‘హితొ’ (మనిషి) పక్కన చేరితే తరచు చులకన వినిపిస్తుంది. ‘కొన్న మొనొ ఇరనై’ అంటే ‘ఇలాంటిది నాకక్కర్లేదు’ అని విదిలించడం. ‘అన్న హితొ ద తొ వ ఒమొవనకత్త’ మన ‘అలాంటి మనిషి అనుకోలేదు’కు అచ్చంగా అదే. తెలుగులో ‘అలాంటివాళ్లతో స్నేహమా?’ అన్నప్పుడు వినిపించే ఈసడింపే ఇక్కడా.

‘కోయూ, సోయూ, ఆయూ’లకు ఈ బరువు చాలా తక్కువ. రకం చెప్పి ఊరుకుంటాయి. ఎవరినైనా ఆదర్శంగా తీసుకుని ‘అలాంటి మనిషిని కావాలి’ అనాలంటే ‘ఆయూ హితొ ని నరితై’ అనండి. ‘కొనొయోన, సొనొయోన’ రాతకు, సభలకు, కస్టమర్లతో మాటలకు. స్నేహితుల మధ్య వాడితే బిగుసుకుపోయినట్టుంటుంది.

జపాన్ క్లయింట్లతో పనిచేసే మన ఇంజినీర్లు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. మీటింగులో ‘సొన్న మొందాయ్ వ కీతె ఇమసెన్’ అంటే వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, కానీ ‘అలాంటి సమస్యేదీ మాకెవరూ చెప్పలేదే’ అని ఎదురుతిరిగినట్టు వినిపిస్తుంది. ‘సొనొయోన మొందాయ్ వ ఉకగత్తె ఒరిమసెన్’ అంటే అదే విషయం, గొడవ లేదు.

‘సొన్న’ చక్కగా ఇమిడే చోటూ ఉంది. ఎవరైనా పొగిడితే ‘సొన్న కొతొ నై దెసు’ అంటారు. మన ‘అబ్బే, అలాంటిదేం లేదండీ’ అన్నమాట.

అపోహ: ‘ఇంత, అంత’ అనడానికి కూడా కొన్న, సొన్న చాలు.

ఎంత అన్నది చెప్పాలంటే ‘ని’ చేర్చాలి: కొన్నని, సొన్నని, అన్నని. ‘కొన్నని తకై దెసు క’ అంటే ‘ఇంత ఖరీదా?’. ‘కొన్న తకై దెసు’ అని స్నేహితుల మాటల్లో దొర్లవచ్చు, పరీక్షలో రాయకండి. నామవాచకం ముందున్నప్పుడు మాత్రం ‘కొన్న ఓకీ ఇను’, ‘కొన్నని ఓకీ ఇను’ రెండూ నడుస్తాయి. రెండూ ‘ఇంత పెద్ద కుక్క’ కిందికే వస్తాయి. ‘సొన్నని’కి వ్యతిరేక రూపం తోడైతే ‘అంతగా కాదు’: ‘సొన్నని ముజుకషికు నై’, అంత కష్టమేం కాదు. పని చేసే తీరు చూపించాలంటే ‘కొన్న ఫూ ని’, మన ‘ఇలా’.

అపోహ: ‘ఎలాంటి’ ఎక్కడొచ్చినా ‘దొన్న’.

‘దొన్న ఎఇగ గ సుకి దెసు క’ (ఎలాంటి సినిమాలు ఇష్టం?) అని అడిగితే హాస్యం, దెయ్యాల సినిమాలు అంటూ రకం చెబుతారు. ‘దొనొ ఎఇగ’ (ఏ సినిమా) అంటే ఎదురుగా ఉన్న మూడు, నాలుగింటిలో ఒకటి ఎంచి చెప్పాలి. రెండే ఉంటే ‘దొచిర’. ‘దొన్న హితొ’ మనిషి స్వభావాన్ని, రూపాన్ని అడుగుతుంది. ‘దోయూ హితొ’ ఆ మనిషి ఎవరో, ఏం చేస్తారో వివరం కోరుతుంది. మీ మాటకు అర్థమేమిటి అనడానికి స్థిరపడింది ‘దోయూ ఇమి దెసు క’. పై అధికారితో అదే గట్టిగా అంటే నిలదీసినట్టవుతుంది, చివర ‘దెషో క’ అని మెత్తబరచండి. ఆఫీసు ఫోనులో ఏం పనిమీద చేశారని అడగాలంటే ‘దొనొయోన గొయోకెన్ దెషో క’ లేదా ‘దోఇత్త గొయోకెన్ దెషో క’. ‘దొన్న’ అక్కడ పొసగదు. ‘ఎలాంటివారైనా’ అనడానికి ‘దొన్న హితొ దెమొ’, ‘ఎంత ఖరీదైనా’ అనడానికి ‘దొన్నని తకకుతెమొ’.

అపోహ: విన్నట్టే రాస్తే చాలు.

చెవికి ‘కోయూ’ అని వినిపించేదాన్ని జపనీస్ లిపి హిరగానాలో కొ, ఉ, ఇ, ఉ అని నాలుగు అక్షరాలతో రాస్తారు. స్నేహితుల మెసేజీల్లో ‘ఇ’ బదులు ‘యు’ రాసేవాళ్లు ఉన్నారు. దరఖాస్తుల్లో, పరీక్షల్లో అది తప్పు కిందే లెక్క. పలికేటప్పుడు మనకు ద్విత్వం అలవాటు కనుక ‘న్న’తో ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా స్వరం ఎత్తుతోనే. కొన్న, సొన్న, అన్న మూడింటిలో మొదటి అక్షరం తగ్గి, తర్వాత స్వరం లేచి అలాగే సాగుతుంది. ‘దొన్న’లో మాత్రం మొదటి అక్షరమే ఎత్తు, ఆ వెంటనే దిగిపోతుంది.