రీగన్‌పై పేలిన ఆరు తూటాలు, ఒక క్లర్కు జారిన మాట

అమెరికాలోని యూటా వ్యాలీ యూనివర్సిటీలో 2025 సెప్టెంబర్ 10న ట్రంప్ పక్షపు ప్రచారకుడు చార్లీ కిర్క్‌ను కాల్చి చంపడం, ఆ తర్వాత సోషల్ మీడియాలో రాసిన నాలుగు ముక్కలకు టీచర్లు, ప్రొఫెసర్లు, ఇతర ఉద్యోగులు కొలువులు పోగొట్టుకోవడం అందరికీ గుర్తున్నవే. ఇప్పుడు గొడవంతా ఆ తొలగింపులు చెల్లుతాయా లేదా అన్నదాని మీద. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ మాటకు, రెండో సవరణ తుపాకీకి రక్షణ ఇస్తాయి. రెండూ 1791 నాటివి. అక్కడి నుంచి మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఈ వివాదానికి అసలు ముడి పడింది 1981 మార్చి 30న.

ఆ మధ్యాహ్నం వాషింగ్టన్ హిల్టన్ హోటల్ బయట జాన్ హింక్లీ .22 రివాల్వర్‌తో రెండు సెకన్లలోపే ఆరుసార్లు కాల్చాడు. అధ్యక్షుడు రీగన్‌కు ఒక్క తూటా కూడా నేరుగా తగల్లేదు. కారుకు తగిలి ఎగిరిన ఆరోది ఎడమ చంక కింద దూరింది. ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రాడీకి ఇంకో తూటా తలలో దిగింది. ఈ ఘటన నుంచి రెండు చట్టధారలు పుట్టాయి. తుపాకీ అమ్మకాలకు సంబంధించిన మొదటి ధార బ్రాడీ పేరుతో అందరికీ తెలుసు. రెండోది టెక్సస్‌లో, హ్యూస్టన్ ఉండే హారిస్ కౌంటీలో, ఒక ఆఫీసు గదిలో పుట్టింది.

అది కానిస్టేబుల్ ఆఫీసు. మన స్టేషన్లలో ఉండే కానిస్టేబుల్‌ని ఊహించుకోవద్దు. టెక్సస్‌లో కానిస్టేబుల్ అంటే ఓట్లతో గెలిచే అధికారి. ఆయన ఆఫీసుకు ప్రధానమైన పని కోర్టు నోటీసులు, సమన్లు అందించడం. అక్కడ 19 ఏళ్ల అమ్మాయి ప్రొబేషన్ మీద కొత్తగా చేరింది. కాగితాల మీద డిప్యూటీ కానిస్టేబుల్ హోదా ఉన్నా యూనిఫాం లేదు, తుపాకీ లేదు, అరెస్టు చేసే అధికారం లేదు. జనం రాని గదిలో కూర్చుని కోర్టు కాగితాల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడమే పని. రేడియోలో కాల్పుల వార్త విన్నాక ఆమె, తోటి ఉద్యోగి మాట్లాడుకున్నారు. పేదల వైద్యానికీ, తిండికిచ్చే ఫుడ్ స్టాంపులకూ రీగన్ పెడుతున్న కోతల మీదకు మాట మళ్లింది. చివర్లో ఆమె అంది: ‘వాళ్లు మళ్లీ ఆయన మీదకు వెళ్తే, ఈసారి పని అయిపోవాలి.’

మూడో ఉద్యోగి చెవిన పడి పైఅధికారికి చేరింది. పిలిచి అడిగితే, అన్నానని ఒప్పుకుంది, మనసులో ఏం పెట్టుకుని అన్లేదంది. అయినా ఉద్యోగం పోయింది. కింది కోర్టు కానిస్టేబుల్ పక్షాన నిలిచింది, అప్పీలు కోర్టు తిప్పికొట్టింది, ఆరేళ్ల తర్వాత 1987లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆమెను గెలిపించింది. ఇదే రాంకిన్ వర్సెస్ మెక్‌ఫర్సన్: రాంకిన్ ఆ కానిస్టేబుల్, మెక్‌ఫర్సన్ ఆ అమ్మాయి. జస్టిస్ థర్గుడ్ మార్షల్ రాసిన ఈ తీర్పే ప్రభుత్వ ఉద్యోగుల లాయర్లకు ఇవాళ పెద్ద ఆధారం.

ఇలాంటి కేసుల్లో కోర్టులు పెట్టే పరీక్షకు రెండు మెట్లు. మొదట, ఆ మాట ప్రజలకు సంబంధించిన విషయం మీదేనా అని చూస్తారు. అవునంటే, ఆ మాట వల్ల ఆఫీసు పని చెడిందా అన్నది తూకం వేస్తారు. చెడిందని చూపాల్సిన భారం యజమానిదే. మాట ఎంత వికారంగా ఉందన్నది మొదటి మెట్టులో లెక్కలోకి రాదు. రెండో మెట్టులో మనిషి కూర్చున్న కుర్చీ ముఖ్యం: టైపు కొట్టే క్లర్కుకి ఉన్నంత వెసులుబాటు జనంతో వ్యవహరించే, నిర్ణయాలు తీసుకునే అధికారికి ఉండదు. 2006లో సుప్రీంకోర్టే ఇచ్చిన గార్సెట్టి తీర్పు ఇంకో గడప పెట్టింది: ఉద్యోగ బాధ్యతగా అన్న మాటకు ఈ రక్షణ వర్తించదు.

కానిస్టేబుల్ వాదనకూ గొంతు లేకపోలేదు. పోలీసుల బండెక్కి దొంగలకు జైకొట్టేవారిని ఏ పోలీసు విభాగమూ భరించనక్కర్లేదని జస్టిస్ స్కాలియా భిన్న తీర్పులో రాశారు. వాక్యం పదునుగానే ఉంది, కానీ ఆ అమ్మాయి ఎక్కిన బండి ఏదీ లేదు.

కిర్క్ హత్య తర్వాత రెండు వారాలకే ఈ తూకం పనిచేసింది. సౌత్ డకోటా యూనివర్సిటీలో కిర్క్‌ను నాజీ అంటూ పోస్టు పెట్టిన ఆర్ట్ ప్రొఫెసర్‌ను తొలగించబోతే ఫెడరల్ జడ్జి ఆపారు. ఆయన ఆ పోస్టు ఇంట్లో, పని వేళ కాని సమయంలో పెట్టి, కాసేపటికే తీసేశారు.

ఇక మొదటి ధార. హింక్లీని 1980 అక్టోబర్‌లో నాష్‌విల్ ఎయిర్‌పోర్టులో మూడు తుపాకులతో పట్టుకుని చిన్న జరిమానాతో వదిలేశారు. కొద్ది రోజుల్లోనే డాలస్‌లో మళ్లీ కొన్నాడు. తనిఖీ లేకుండా కొనగలిగే ఈ కంత పూడ్చడానికి 12 ఏళ్లు పట్టింది. 1993 నాటి బ్రాడీ చట్టం ఐదు రోజుల నిరీక్షణ పెట్టింది. 1998 నుంచి దాని బదులు తక్షణ తనిఖీ వచ్చింది: కొనేవాడు ఫారం 4473 నింపుతాడు, డీలర్ ఎఫ్‌బీఐ వ్యవస్థను అడుగుతాడు, అమ్మొచ్చు, ఆగు, వద్దు అన్న మూడింటిలో ఒక జవాబు వస్తుంది. ‘ఆగు’ అని మూడు పనిదినాల్లో తేల్చకపోతే డీలర్ అమ్మేయవచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిదిమందిని చంపిన వాడికి పిస్టల్ ఈ సందులోంచే వచ్చింది. లైసెన్స్ లేని వ్యక్తి అమ్మితే ఫెడరల్ చట్టం ఆ తనిఖీ కూడా అడగదు. కిర్క్ కేసులో, అభియోగపత్రం ప్రకారం, రైఫిల్ నిందితుడి తాతది. అంటే ఏ కౌంటర్ దగ్గరా ఏ ఫారమూ నింపే అవసరమే రాలేదు.

అయినా ప్రభుత్వం చూపు మాట మీదకే మళ్లింది. విద్వేష ప్రసంగం చేసేవారి వెంటపడతామని నాటి అటార్నీ జనరల్ పామ్ బోండి ప్రకటించి, సొంత పక్షమే మండిపడితే, హింసకు దిగే బెదిరింపుల గురించే అన్నానని సర్దుకున్నారు. అమెరికాలో విద్వేష ప్రసంగం అనే నేరమే లేదని 2024లో రాసింది స్వయంగా కిర్కే. చట్టపరంగా ఆయన మాట సరైనదే. 1969 నాటి బ్రాండెన్‌బర్గ్ తీర్పు ప్రకారం, తక్షణ హింసకు పురికొల్పాలన్న ఉద్దేశం, అది జరిగే అవకాశం రెండూ ఉంటేనే శిక్ష. బెదిరింపు కేసైతే, ఎదుటివాడు భయపడతాడని తెలిసీ లెక్కచేయలేదని ప్రభుత్వం చూపాలని 2023లో కౌంటర్‌మన్ తీర్పు చెప్పింది.

ఈ గీత చెరిపేస్తే ఏమవుతుందో టెనసీలో కనిపించింది. 2024లో అయోవాలోని పెర్రీ హైస్కూల్లో కాల్పులు జరిగినప్పుడు ట్రంప్ అన్న మాటతో ఉన్న మీమ్‌ను, కిర్క్ హత్య తర్వాత, ఒక రిటైర్డ్ పోలీసు షేర్ చేశాడు. టెనసీలోనూ పెర్రీ కౌంటీ ఉంది, అక్కడ పెర్రీ కౌంటీ హైస్కూల్ ఉంది. అది తమ స్కూలుకు బెదిరింపు అని షెరిఫ్ అరెస్టు చేయించాడు. బెయిల్ 20 లక్షల డాలర్లు. 37 రోజుల జైలు తర్వాత కేసు ఎత్తేశారు.

రాంకిన్ రక్షణ ప్రభుత్వ ఉద్యోగులకే. ప్రైవేటు కంపెనీకి మొదటి సవరణ అడ్డురాదు, అక్కడ పనిచేసే మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ తీర్పు అక్కరకు రాదు. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే అక్కడ ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. కిర్క్ హత్యపై వ్యాఖ్యలకు ఆరుగురు విదేశీయుల వీసాలు రద్దు చేశామని అమెరికా విదేశాంగ శాఖ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. అదే హెచ్-1బీ మనిషికి తుపాకీ కొనడం మామూలుగా నిషేధం. అయితే ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డు నంబరు వేసి, ఫారం 4473 నింపి, తనిఖీ దాటితే రైఫిల్ ఇంటికి తెచ్చుకోవచ్చు.