పిల్లలతో పనిచేసే వాలంటీర్ల నియమాలు: అపోహలు – వాస్తవాలు

మన రాష్ట్రంలో వాలంటీర్ అనగానే గ్రామ, వార్డు సచివాలయాలే గుర్తొస్తాయి. నేను రాస్తున్నది వాళ్ల గురించి కాదు. ఆదివారం పొద్దున్నే కొర్లగుంటలోనో చంద్రగిరిలోనో పిలకాయలకు కబడ్డీ నేర్పే డిగ్రీ విద్యార్థులు, సాయంత్రం పూట లెక్కలు చెప్పే ఉద్యోగులు, తలకోన క్యాంపుకు తోడుగా వచ్చే అన్నలు, అక్కల గురించి. తిరుపతి చుట్టుపక్కల యువజన సంఘాలతో కూర్చుని, వాలంటీర్ల కోసం రాసుకున్న పాత నియమాలను సరిచేయించడం నా పని. ఏ కమిటీలో కూర్చున్నా ఇంచుమించు ఇవే మాటలు వస్తుంటాయి.

అపోహ: “జీతం తీసుకోకుండా వచ్చేవాళ్లకు చట్టం ఏంటి సార్?”

చట్టం జీతం చూడదు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, ఉద్యోగి అనే నిర్వచనంలోనే స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లనూ చేర్చింది. పదిమంది ఉంటే మహిళల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ వేయాలి కదా, ఆ పదిమందిని లెక్కపెట్టేటప్పుడు వాలంటీర్లనూ కలపాలి. “మాకు జీతగాళ్లు ముగ్గురే” అని తప్పించుకోవడానికి లేదు. ఇక 2012 పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ ఫిర్యాదు చేయాలి. అందులో వాలంటీరుకు మినహాయింపేమీ లేదు.

అపోహ: “ముందు మనం విచారించుకుని, నిజమని తేలితే పోలీసులకు చెబుదాం.”

పాత నియమావళుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనబడేదీ, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. “ఆరోపణ వచ్చినచో అధ్యక్షులు ముగ్గురు సభ్యుల కమిటీని నియమించి, పదిహేను రోజులలో నివేదిక తెప్పించుకొనవలెను.” ఈ వాక్యం కనిపిస్తే ఆ రోజే కొట్టేయండి.

పోక్సో 19వ సెక్షన్ ప్రకారం సమాచారం వెళ్లాల్సింది స్థానిక పోలీసులకు, లేదా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి. నేరం రుజువయ్యే దాకా ఆగమని చట్టం చెప్పలేదు. జరగబోతుందన్న భయం ఉన్నా చెప్పమంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ బాధ్యుడే దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద మాత్రం కేసు ఉండదు. ఈ రక్షణను 19వ సెక్షనే ఇస్తోంది. అధ్యక్షుడికి చెప్పేస్తే తన బాధ్యత తీరిపోయిందని వాలంటీరు అనుకోకూడదు.

కాబట్టి కొత్త విధానంలో క్రమం ఇలా ఉండాలి. బిడ్డ చెప్పింది చెప్పినట్టు, తన మాటల్లోనే రాసుకోవాలి. “ఎవరికీ చెప్పను” అని మాట ఇవ్వకూడదు. మళ్లీ మళ్లీ అడిగి చెప్పించకూడదు. ఎవరి మీద ఆరోపణ వచ్చిందో ఆ మనిషిని పిలిచి నిలదీయకూడదు, పిలకాయలకు దూరంగా మాత్రం పెట్టాలి. 112కో స్టేషన్‌కో ఫోన్ చేయాలి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. బిడ్డ పేరు ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. ఇదంతా అర పేజీలో రాయొచ్చు, అంతకు మించి రాస్తే ఆ కంగారులో ఎవరూ చదవరు.

అపోహ: “ఒకసారి లాయరు చేత రాయించాం, ఇంకేం మారుతుంది?”

ఒక సంఘం ఆఫీసులో బీరువా తలుపు లోపల అంటించిన ఫోన్ నంబర్ల కాగితం చూశాను. లామినేషన్ బాగుంది, అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. జిల్లా పోలీసు అధికారి, జిల్లా బాలల రక్షణ విభాగం, అన్నీ చిత్తూరివే. తిరుపతి 2022 ఏప్రిల్ 4 నుంచి వేరే జిల్లా. ఆ జిల్లాలోకి అటు నెల్లూరు వైపు ప్రాంతాలూ వచ్చాయి. రాత్రి పదింటికి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితం చూసి ఫోన్ చేసే అమ్మాయి పరిస్థితి ఏంటి?

అదే సంఘం నియమావళిలో భారతీయ శిక్షా స్మృతి సెక్షన్లు ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. 1098 నంబరు అదే, కానీ నడిపే ఏర్పాటు స్వచ్ఛంద సంస్థల చేతి నుంచి ప్రభుత్వానికి మారింది. ఇదివరకు దాన్ని నడిపిన సంస్థల ఫోన్ నంబర్లు ఉంటే తీసేయాలి.

అపోహ: “మారిస్తే రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగాలి.”

సంఘాన్ని నడిపే మూల నిబంధనలైన బైలాస్ వేరు, వాలంటీర్ల నియమాలు వేరు. 2001 ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం బైలాస్ మార్చాలంటే సర్వసభ్య సమావేశం, రిజిస్ట్రార్ ఉంటాయి. వాలంటీర్ల విధానానికి, మీ బైలాస్‌లో వేరే షరతు లేకుంటే, కార్యవర్గ తీర్మానం చాలు.

అపోహ: “పోలీసు వెరిఫికేషన్ అయింది, మనిషి మంచోడే.”

అది చెప్పేది ఒక్కటే: రికార్డుల్లో ఏమీ లేదని. 2020 పోక్సో నియమాలు పిల్లలతో తరచూ మెలిగే సంస్థలు తమ సిబ్బందికి ఎప్పటికప్పుడు వెరిఫికేషన్, శిక్షణ జరపాలన్నాయి. అదే పద్ధతి వాలంటీర్లకూ పెట్టమంటాను, అయితే అక్కడితో ఆగొద్దు. అతను ఇంతకుముందు పనిచేసిన చోట ఇద్దరితో మాట్లాడండి. మొదటి మూడు నెలలు ఒంటరిగా తరగతి ఇవ్వకండి. ఏ గదిలోనైనా ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచే ఉండాలి.

“పదేళ్లుగా వస్తున్న అన్నను ఇప్పుడు కాగితాలు అడిగితే నొచ్చుకోడా?” అంటారు. పిల్లలపై లైంగిక నేరాల్లో నిందితులు ఎక్కువమంది పిల్లలకు తెలిసినవాళ్లేనని ఏటా జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఆ అన్నను అనుమానించమని కాదు. అందరినీ ఒకేరోజు అడగండి, మొదట అధ్యక్షుడి చేతే ఫారం నింపించండి. అప్పుడు నొచ్చుకునేవాళ్లు చాలా తక్కువ.

అపోహ: “ఇంటర్ పిల్లోడు కదా, వాలంటీరుగా పెద్దవాళ్ల లెక్కలో వేసుకోవచ్చు.”

పద్దెనిమిది నిండలేదంటే చట్టం దృష్టిలో అతనూ బిడ్డే. ఇద్దరు పెద్దల లెక్కలోకి రాడు. క్యాంపులో రాత్రి కాపలాకు వేయకూడదు, అతని తల్లిదండ్రుల సమ్మతి కూడా కావాలి. ఫొటోలకూ, ఫోన్ నంబర్లకూ అంతే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి డిజిటల్ వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్న నిబంధన పెట్టింది.

అపోహ: “గ్రూపులో పీడీఎఫ్ పెట్టేశాం, అందరికీ తెలుసు.”

రెండు నీలం టిక్కులు పడితే చదివినట్టు కాదు. శిక్షణలో నేను సెక్షన్లు చదవను, సందర్భం ఇస్తాను. అలిపిరి దగ్గర మ్యాచ్ ముగిసింది. చీకటి పడింది. పన్నెండేళ్ల పాప వాళ్లమ్మ ఫోన్ కలవడం లేదు. మీ దగ్గర బైకు ఉంది. ఏం చేస్తారు? దాదాపు అందరూ “ఇంటి దగ్గర దింపేస్తాను” అంటారు. మంచి మనసుతోనే అంటారు. అప్పుడే చర్చ మొదలవుతుంది: ఒంటరిగా తీసుకెళ్లొద్దు, ఇంకో పెద్ద మనిషిని ఆపండి, కోఆర్డినేటరుకు ఫోన్ చేయండి, ఫారంలో రాసిన రెండో నంబరుకు ప్రయత్నించండి, వెళ్లక తప్పకపోతే ఇద్దరు పెద్దలు కలిసి వెళ్లి, ఎన్నింటికి ఎవరికి అప్పగించారో రాయండి. ఆ గంటలో వాళ్లు అడిగే ప్రశ్నలే తర్వాతి సవరణకు ముడిసరుకు. రెండో నంబరు గడి లేని ఫారాలు నేను చాలా చూశాను.

సంతకాలు ఆ రోజే, తెలుగులో ఉన్న ఒక్క పేజీ మీద తీసుకోండి. కింద తేదీ, తర్వాత ఎప్పుడు సరిచూడాలో ఆ నెల వేయండి. జూన్‌లో బడులు తెరవకముందు పెట్టుకుంటే అనుకూలం, బ్రహ్మోత్సవాల సేవకు పోయే వాలంటీర్లు ఆగస్టు దాటితే దొరకరు. కొత్త కాగితం పంచినప్పుడే పాతవి వెనక్కి తీసుకోవాలి, బీరువా తలుపు లోపల అంటించినది కూడా.