స్క్రబ్ అంటే రుద్దడమేనా? అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రిలో రోజూ చెవినపడే ఇంగ్లీషు మాటల్లో 'స్క్రబ్' ఒకటి. ఆపరేషన్‌కు ముందు సర్జన్ చేతులు శుభ్రం చేసుకోవడం స్క్రబ్. పక్కన నిలబడి పరికరాలు అందించే సిస్టర్ స్క్రబ్ నర్సు. వాళ్లు తొడుక్కునే ఆకుపచ్చ, నీలం బట్టలు స్క్రబ్స్. మెడికల్ వార్డులో జ్వరంతో ఉన్న మనిషి కేస్ షీటు మీద రాసేదీ స్క్రబ్బే. అక్కడ దాని అర్థం స్క్రబ్ టైఫస్. బయటికొస్తే బ్యూటీ పార్లర్‌లో ముఖానికి రాసేది ఇంకో స్క్రబ్, వంటింట్లో గిన్నెలు తోమేది స్క్రబ్బర్. మాట ఒకటే కావడంతో చాలామంది ఒకచోటి అర్థాన్ని ఇంకోచోట పెట్టి చూస్తున్నారు. నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఆ జ్వరమే కాబట్టి ముందు దాని గురించే, కాస్త వివరంగా.

అపోహ: ఒళ్లు సరిగ్గా రుద్దుకోని వాళ్లకే స్క్రబ్ టైఫస్ వస్తుంది.

"మావాడు రెండు పూటలా స్నానం చేస్తాడు సార్, వాడికి స్క్రబ్ ఏమిటి?" అని అడిగే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. కొందరైతే జబ్బు పేరు బయటికి చెప్పుకోవడానికే సిగ్గుపడతారు. ఆ సిగ్గు అక్కర్లేదు. ఈ పేరులోని స్క్రబ్‌కు శుభ్రతతో ఏ సంబంధమూ లేదు. తుప్పలు, పొదలు, గడ్డి పెరిగిన బీడు నేలను కూడా ఇంగ్లీషులో స్క్రబ్ అనే అంటారు. జబ్బును అంటించే పురుగు ఉండేది అలాంటి చోట కాబట్టి ఆ పేరు వచ్చింది. పొలం గట్టు, చెరువు కట్ట, తోటల అంచులు, ఇంటి వెనక ఖాళీ స్థలంలో పెరిగిన పిచ్చిమొక్కలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మిరప కోతకు వెళ్లిన మనిషికీ రావచ్చు, కాలనీ చివర ఖాళీ స్థలంలో క్రికెట్ ఆడిన పిల్లాడికీ రావచ్చు.

అపోహ: ఇది కొత్తగా పుట్టిన వైరస్.

2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో వరసగా కేసులు బయటపడినప్పుడు ఈ మాట బాగా పాకింది. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా. పేరు ఓరియెన్షియా సుత్సుగముషి. రెండో సగం జపాన్ మాట, ఎందుకంటే అక్కడి నదీ లోయల్లో ఈ జ్వరం చాలాకాలంగా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో పోరాడిన సైనికులను ఇది బాగా పీడించింది. మన దగ్గరా కొత్తగా వచ్చింది కాదు. పరీక్షలు అందుబాటులోకి వచ్చి, డాక్టర్లు దీని గురించి ఆలోచించడం మొదలుపెట్టాక ఎక్కువగా కనబడుతోంది. ఒకప్పుడు 'ఏదో విషజ్వరం' అని వదిలేసిన వాటిలో ఇదీ ఉండే ఉంటుందని నేను నమ్ముతాను.

అంటించేది చిగ్గర్ అనే చిన్న మైట్ పిల్ల. మైట్ అంటే సాలీడు జాతికి చెందిన అతి చిన్న పురుగు. పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు, కంటికి ఆనదు. పెద్ద మైట్ మనల్ని కుట్టదు. గుడ్డులోంచి వచ్చిన ఆరు కాళ్ల పిల్ల మాత్రం ఎలుకల మీద, మనుషుల మీద ఆహారం కోసం ఎక్కుతుంది. బ్యాక్టీరియా తల్లి మైట్ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు చేరుతుంది కాబట్టి ఆ నేలలో జబ్బు ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. తొలకరిలో కనిపించే ఎర్రటి ఆరుద్ర పురుగు కూడా మైటే, దీనికి దూరపు చుట్టం. కానీ అది మనల్ని కుట్టదు, ఈ జబ్బునూ తేదు. పిల్లలు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తే భయపడకండి.

రోగి నుంచి పక్కవాళ్లకు ఇది అంటదు. తుమ్ము, దగ్గు, కంచం, మంచం, దేనితోనూ రాదు. ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే ఇద్దరూ ఒకే పొదల్లో తిరిగారని అర్థం.

అపోహ: టైఫస్ అన్నా టైఫాయిడ్ అన్నా ఒకటే.

ప్రాణం మీదికి తెచ్చేది ఈ అపోహే. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తుంది, దాని బ్యాక్టీరియా వేరు, మందు వేరు. మన ఊళ్లలో నాలుగు రోజులు జ్వరం దాటితే ముందు విడాల్ పరీక్ష చేస్తారు. అందులో చిన్న తేడా కనబడగానే 'టైఫాయిడ్' అని రాసి సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్లు మొదలుపెడతారు. స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియా మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది. పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ జాతి మందులు దాని మీద పనిచేయవు. పూటకో ఇంజక్షన్ పడుతూనే ఉంటుంది, జ్వరం దిగదు, రెండో వారం వచ్చేస్తుంది. ఆ వారంలోనే ఊపిరితిత్తులు, కిడ్నీలు, కాలేయం, మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

దీనికి పనిచేసే మందు డాక్సీసైక్లిన్. పాతది, చవకైనది, చిన్న ఊరి మందుల షాపులోనూ దొరుకుతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తాం. సరైన సమయంలో మొదలుపెడితే చాలామందిలో 48 గంటల్లోపే జ్వరం దిగుతుంది. అంత తేలికైన మందు ఉన్న జబ్బుతో మనిషి వెంటిలేటర్ మీదకు వెళ్లడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. జబ్బు ముదిరినవాళ్లకు ఈ రెండు మందులనూ కలిపి నరంలోకి ఇస్తే, ఏదో ఒకటే ఇచ్చినదానికన్నా మేలని వేలూరు సీఎంసీ వైద్యుల నాయకత్వంలో మన దేశంలోనే జరిగిన పెద్ద అధ్యయనం 2023లో తేల్చింది. అలాగని జ్వరం రాగానే డాక్సీసైక్లిన్ కొనుక్కుని మింగకండి. నేను కోరేది, అయిదు రోజులు దాటిన జ్వరంతో వెళ్లినప్పుడు "పొలానికి వెళ్లొచ్చానండీ, స్క్రబ్ టైఫస్ కావచ్చా?" అని డాక్టరును అడగమని.

అపోహ: ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీయే.

స్క్రబ్ టైఫస్‌లోనూ తగ్గుతాయి. రెండూ వానల తర్వాతే వస్తాయి, రెండింట్లోనూ తలనొప్పి, ఒళ్లునొప్పులు ఉంటాయి. డెంగీ జ్వరం మామూలుగా వారంలో దిగిపోతుంది, ఇది దిగదు.

అపోహ: నల్లమచ్చ లేకపోతే స్క్రబ్ కాదు.

చిగ్గర్ కుట్టినచోట ఎస్కార్ అనే మచ్చ ఏర్పడుతుంది. సిగరెట్‌తో చురక పెట్టినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే రోగికి దాని సంగతే తెలియదు. పైగా అది వచ్చే చోట్లు చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుం దగ్గర బట్ట బిగిసే చోటు, చెవి వెనక. రోగి అంతట తాను చూపించడు, హడావుడిలో ఉన్న డాక్టరూ చూడడు. మా జూనియర్లకు నేను పదేపదే చెప్పేది, తెర అడ్డుపెట్టి, అవసరమైతే సిస్టర్‌ను తోడు పెట్టుకుని, ఒళ్లంతా చూడమని. మచ్చ కనబడితే దాదాపు నిర్ధారణ అయినట్టే. కానీ చాలామందిలో మచ్చ ఉండదు, కాబట్టి లేదని జబ్బును కొట్టిపారేయలేం. రక్తంలో ఈ జబ్బు యాంటీబాడీలు చూసే ఐజీఎం ఎలైజా పరీక్ష కూడా మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు. లక్షణాలు గట్టిగా సూచిస్తుంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడమే సరైన పద్ధతి.

దీనికి టీకా లేదు. పొలం పనికి నిండు చేతుల చొక్కా, కాళ్లు మూసే బట్టలు వేసుకోవాలి. నేల మీద నేరుగా పడుకోకూడదు, ఉతికిన బట్టలు పొదల మీద, గడ్డి మీద ఆరేయకూడదు. ఇంటి చుట్టూ పిచ్చిమొక్కలు, ఎలుకలు లేకుండా చూసుకోవాలి. చిగ్గర్ ఒంటి మీదికి ఎక్కాక కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి పొలం నుంచి రాగానే బట్టలు మార్చి, సబ్బుతో బాగా రుద్దుకుని స్నానం చేయడం మాత్రం నిజంగా పనికొస్తుంది.

ఇక ఆపరేషన్ థియేటర్‌లో స్క్రబ్.

అపోహ: సర్జన్ బ్రష్‌తో ఎంత గట్టిగా తోముకుంటే అంత శుభ్రం.

ఒకప్పుడు పది నిమిషాలు బ్రష్‌తో తోమేవాళ్లు. బ్రష్ చర్మాన్ని గీరేస్తుంది, గీరిన చర్మం నుంచి పొలుసులు, వాటితో బ్యాక్టీరియా ఇంకా ఎక్కువ రాలతాయి. ఇప్పుడు రెండు నుంచి అయిదు నిమిషాలు చాలు, బ్రష్ అక్కర్లేదు. క్రిమిసంహారక సబ్బుతో కడుక్కున్నా, దానికోసమే తయారైన ఆల్కహాల్ ద్రావణం రుద్దుకున్నా ఫలితం సమానమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేతులు పైకెత్తి ఉంచేది నీళ్లు వేళ్ల నుంచి మోచేతి వైపు జారాలని. గ్లౌజులు ఉన్నాయి కదా అని ఇది మానకూడదు, గ్లౌజులకు కంటికి కనిపించని రంధ్రాలు పడుతుంటాయి. అసలు రబ్బరు గ్లౌజుల వాడకం పెరిగిన కథకూ ఈ చేతుల కడుగుడే మూలం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిములను చంపడానికి వాడే మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణానికి పొక్కిపోతుంటే, ఆమె కోసం అక్కడి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గ్లౌజులు తయారు చేయించాడు. అది 1889-90 నాటి మాట.

అపోహ: స్క్రబ్స్ బట్టలు స్టెరైల్, అంటే క్రిములు అసలే లేనివి.

కావు. అవి ఉతికిన శుభ్రమైన బట్టలు, అంతే. స్టెరైల్ అయినది ఆపరేషన్ టేబుల్ దగ్గర వాటిమీద తొడుక్కునే గౌను. థియేటర్ బట్టలతోనే క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగి తిరిగి లోపలికి వచ్చే అలవాటు మా వృత్తిలో ఉంది. అది పోవాలి.

ఒంటికి రాసే స్క్రబ్ గురించి ఒక్క మాట. మెడ, భుజాలు, వీపు నల్లబడ్డాయని నైలాన్ పీచుతో గట్టిగా తోమేవాళ్లలో చాలామందికి ఆ నలుపు వచ్చిందే తోమడం వల్ల. పీచు ఆపితే అది కొన్ని నెలల్లో మెల్లగా తగ్గుతుంది. మొటిమల మీద గరుకు స్క్రబ్ అసలే వద్దు.

అపోహ: గాయాన్ని గట్టిగా రుద్ది, ఘాటైన మందు పోస్తేనే క్రిములు చస్తాయి.

మామూలు గాయానికి పారే శుభ్రమైన నీళ్లు చాలు. కుక్క కరిచినప్పుడు దీన్ని ఇంకా జాగ్రత్తగా పాటించాలి. కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, బ్రష్‌తో, పీచుతో గీరకూడదు. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు. కడిగాక ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. చర్మం చీలి రక్తం వచ్చి ఉంటే, టీకాతో పాటు గాయం లోపల, చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (రేబిస్‌ను ఎదుర్కొనే సిద్ధమైన యాంటీబాడీలు) కూడా వేయమని అడగండి.