పోడు గొడవ: చేను ముందా, హద్దురాయి ముందా?

పోడు భూముల, అంటే అడవి కొట్టి సాగు చేసుకునే భూముల మాట రాగానే మనోళ్లలో చాలామంది "అడవిని కబ్జా చేశారు" అనేస్తారు, అసలు అడవి హద్దురాయి ఎప్పుడు పాతారు, అంతకుముందు అక్కడ ఎవరి చేను ఉందో మాత్రం అడగరు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, నిజాం వైపు కూడా అదే దారి. రిజర్వు అడవి అని రాసేసరికి తాతల నాటి పోడు కాస్తా నేరం అయిపోయింది, కట్టె కొడితే జరిమానా, పశువుల్ని మేపితే జరిమానా. మన్యంలో 1922 పితూరీకి, అంటే అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి, ఈ మంట కూడా ఒక కారణం. ఆదిలాబాద్ కొండల్లో అటవీ సిబ్బంది గోండు, కొలాం గిరిజనుల గుడిసెలు తగలబెట్టారు, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంని కాల్చి చంపాక గానీ నిజాం సర్కారు గిరిజనుల మీద పరిశోధన చేసే హైమెండార్ఫ్‌ని పిలిపించి అసలేం జరుగుతుందో చూడమనలేదు. తర్వాత కొందరికి పట్టాలొచ్చాయి.

1980 అటవీ సంరక్షణ చట్టంతో కేంద్రం ఓకే అనకుండా అటవీ భూమి ముట్టుకోవడానికి లేదు. 2002లో అయితే ఆక్రమణలన్నీ ఖాళీ చేయించండని ఢిల్లీ నుంచి లెటర్లు, ఆ గోలలోంచే 2006 అటవీ హక్కుల చట్టం పుట్టింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు, గిరిజనేతరుడైతే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు చూపాలి. అడవిలో ఉన్నోడి దగ్గర అన్నేళ్ల కాగితం ఎక్కడిదండీ? అందుకే రూల్స్‌లో ముసలోళ్ల వాంగ్మూలం, పాత బావి, సమాధులు, పొలం గట్టు కూడా సాక్ష్యమే అని రాశారు. పాత కోర్టు రికార్డు కూడా పనికొస్తుంది, అంటే ఒకప్పుడు తాత మీద పెట్టిన పోడు కేసే ఇవాళ మనవడికి ఆధారం అన్నమాట! ఆఫీసుల్లో మాత్రం ముందు కాగితమే అడుగుతారు.

2019 ఫిబ్రవరిలో ఆ హక్కుల కోసం పెట్టుకున్న క్లెయిములు రిజెక్టయినోళ్లని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు అంది, రెండు వారాల్లో తనే ఆపింది. అదే ఏడాది జూన్‌లో ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటడానికి వెళ్లిన లేడీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ని కర్రలతో కొట్టారు, 2022లో కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ దగ్గర ఇంకో రేంజర్‌ని ఏకంగా చంపేశారు. పోడు వైపు మాట్లాడేవాళ్లు ఇది దాటేస్తుంటారు, నాకు అది నచ్చదు.

2023 జూన్‌లో తెలంగాణలో దాదాపు నాలుగు లక్షల ఎకరాలకి పట్టాల పంపిణీ మొదలైంది, అదీ ఆసిఫాబాద్‌లోనే. రెండేళ్లు తిరక్కుండా అదే జిల్లాలో పులుల కారిడార్ కోసం, అంటే పులులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి వెళ్లే దారి కోసం, జీవో 49 ఇచ్చారు, జనం బంద్ చేశారు, 2025 జులైలో దాన్ని పక్కన పెట్టారు. అప్పుడు రద్దు మాత్రం చేయలేదు.