బూడిదకూ చోటు కావాలి

సింగపూర్‌లో పెరుగుతున్న మన పిల్లలకు,

ఆశీస్సులు. చెత్త చూట్‌లో, అంటే అంతస్తుల నుంచి చెత్త కిందికి జారే గొట్టంలో, సంచి పడేస్తే కింద దబ్బుమని చప్పుడవుతుంది, ఇంటికి సంబంధించినంతవరకు దాని కథ అంతటితో అయిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో మీకు తెలియాలి.

లారీలు దాన్ని దహన కేంద్రానికి చేరుస్తాయి. పూడ్చడానికి నేల లేక మీ దేశంలో 1979లోనే ఉలు పాండన్‌లో మొదటి దహన కేంద్రం పెట్టారు. కొలిమిలో 850 నుంచి 1000 డిగ్రీల వేడి ఉంటుంది. కాలాక చెత్త పదో వంతుకు తగ్గుతుందంటారు. నిజమే, కానీ అది చెత్త ఆక్రమించే చోటు లెక్క. తూకం వేస్తే దాదాపు అయిదో వంతు మిగులుతుంది. ఆ బూడిదను పడవల మీద సెమకావ్ దీవికి తీసుకెళ్లి పోస్తారు. సముద్రంలో 7 కిలోమీటర్ల గట్టు కట్టి, ఆ గట్టు నుంచి నీరు ఊరకుండా పొర పరిచి, 1999లో తెరిచిన చోటు అది. 2035 నాటికి నిండిపోతుందని అంచనా. మరో సెమకావ్ కట్టాలంటే మళ్లీ సముద్రాన్నే అడగాలి.

చెత్త కాల్చిన వేడితో కరెంటు వస్తోంది కదా అంటారు. వస్తుంది. అయితే కొలిమికి రాత్రీ పగలూ మేత కావాలి. ఒకసారి కట్టిన కేంద్రం దశాబ్దాలపాటు నడవాలి, అన్నాళ్లూ దానికి చెత్త అందుతూనే ఉండాలి. అందుకే కొత్త కొలిమి కట్టడం కన్నా చెత్తను తగ్గించడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. 2030 నాటికి సెమకావ్‌కు చేరే చెత్తను తలసరి 30 శాతం తగ్గించాలని 2019లో మీ ప్రభుత్వమే లక్ష్యం పెట్టుకుంది.

ఖాళీ అయిన ఆవకాయ సీసాను చూట్‌లో వేశారనుకోండి. గాజు కాలదు. సీసా 300 గ్రాములుంటే, ఆ 300 గ్రాములూ పెంకులై బూడిదతో పాటు బయటికొస్తాయి. ఇనుమును అయస్కాంతంతో ఏరతారు, గాజును అలా ఏరలేరు. కాబట్టి సెమకావ్ ఆయుష్షు పెరగాలంటే ముందు గాజు చూట్‌లో పడకూడదు. నూనె తుడిచి, కొంచెం నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ వాడకానికి పనికొచ్చే చెత్త వేసే బ్లూ బిన్‌లో వేయండి. జిడ్డు సీసా అలాగే వేస్తే పక్కనున్న కాగితాలు కూడా పాడవుతాయి. బ్లూ బిన్లలో పడేదాంట్లో సుమారు 40 శాతం పనికిరాకుండా పోతోంది. బ్యాటరీలు మాత్రం ఏ చెత్తలోనూ కలపొద్దు, నలిగితే మంటలొస్తాయి. వాటికి ఇ-వేస్ట్, అంటే పాడైన ఎలక్ట్రానిక్ వస్తువులు వేసే డబ్బాలు వేరే ఉన్నాయి.

ఇక తొక్కలు, కూరగాయల చెత్త. వీటిలో ముప్పావు వంతుకు పైగా నీరే. కొలిమి ముందు ఆ నీటిని ఆవిరి చేయాలి, ఆ మేరకు వేడి వృథా. వీటి నుంచి మిగిలే బూడిద తక్కువే, కానీ తడి తగిలితే మంచి అట్టలూ కాగితాలూ నాశనం. ఈ తడిని ఇంట్లోనే ఆపొచ్చు.

మూతలున్న 20 లీటర్ల బకెట్లు రెండు తీసుకోండి. చుట్టూ, అడుగునా పెన్సిల్ మందం రంధ్రాలు పెట్టించి, కింద పళ్లెం పెట్టండి. అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులో, చింపిన గుడ్ల అట్టలో పరవండి. గుప్పెడు తొక్కలకు రెండు గుప్పెళ్ల పొడి సరుకు, ఇదే కొలత. తొక్కలు ఎంత చిన్న ముక్కలైతే అంత త్వరగా కుళ్లుతాయి. పైన ఎప్పుడూ పొడి సరుకే కనిపించాలి, లేకపోతే చిన్న ఈగలు చేరతాయి. వారానికి రెండుసార్లు అడుగు నుంచి కలపండి. గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే పొడి సరుకు ఎక్కువ వేయాలి, పొడిపొడిగా రాలిపోతే కాస్త నీళ్లు చిలకరించాలి. కుళ్లిన గుడ్డు కంపు వస్తే లోపల గాలి ఆడటం లేదని అర్థం. ముక్కు మండే ఘాటు వస్తే పచ్చిసరుకు ఎక్కువైందని అర్థం. పెరుగన్నం, నూనె కూరలు, చేపలు, ఎముకలు వేయకండి, ఇంత చిన్న బకెట్ వాటిని అరిగించుకోలేదు.

బకెట్ కింది పళ్లెంలో నీరు నిలవనివ్వకండి, రోజూ చూసి పారబోయండి. అక్కడ డెంగీ దోమ గుడ్లు పెడితే ఇంటికి జరిమానా కూడా పడుతుంది.

ఒకటి నిండాక కదపకుండా ఉంచి రెండోది మొదలుపెట్టండి. రెండు మూడు నెలలకు తొక్క గుర్తుపట్టలేనంతగా మారి, తొలకరి మట్టి వాసన వస్తే ఎరువు తయారైనట్టే. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు కలిపి కరివేపాకు కుండీలో వేయండి. అచ్చంగా ఎరువులోనే నాటితే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య